నా రిపోర్టులో 317

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో నేను గుమస్తాని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. రైతు పేరు, లాట్ నంబరు, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, తూకమెంత, తాలు (రంగు పోయిన కాయ) ఎంత, రేటెంత, చివరికి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ. లాట్ నంబరులో ఒక్క అంకె అటూ ఇటూ అయిందంటే ఒకరి సరుకు డబ్బు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఆ భయంతో ప్రతి అంకెనీ రెండుసార్లు చూసుకుంటాను. అలాంటివాణ్ని, నా నెత్తురు రిపోర్టులో 317 అనే అంకె కనబడితే అదేమిటో తెలియక నోరెళ్లబెట్టి కూర్చున్నాను.

మొదటినుంచీ చెబుతాను.

2017 జూన్. సీజన్ అయిపోయింది, యార్డు పలచబడింది. ఎడమ పక్కటెముకల కింద ఏదో బరువు పెట్టినట్టుండేది. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. గ్యాస్ అనుకుని మూడు వారాలు మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకున్నాను. బెల్టు రెండు బెజ్జాలు లోపలికి వచ్చింది. "సన్నబడ్డారే, వాకింగ్ చేస్తున్నారా?" అని యార్డులో అడిగేవాళ్లు. కాస్త గర్వపడ్డాను కూడా, అబద్ధమెందుకు. చివరికి మా ఆవిడ పోరు పడలేక కొత్తపేటలో ఒక డాక్టరు గారి దగ్గరికి వెళ్తే, ఆయన పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూసి, "స్ప్లీన్, అంటే ప్లీహం, పెరిగిందండీ, ముందు సీబీపీ చేయించండి" అన్నారు. రక్తకణాలు లెక్కపెట్టే పరీక్ష అది. తెల్లకణాలు 1,84,000 వచ్చాయి. మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. ల్యాబ్ కుర్రాడు కాగితం నా చేతికివ్వకుండా తనే పట్టుకుని డాక్టరు గారి గదిలోకి పోయాడు. అప్పుడే గుండె జారింది.

అక్కణ్నించి విజయవాడ సూర్యారావుపేట. రక్తజబ్బుల డాక్టరు గారు నడుము వెనక ఎముకలోంచి మూలుగ తీయించారు, రక్తం కూడా తీసుకుని బీసీఆర్-ఏబీఎల్ అనే పరీక్షకు పంపారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అని తేలింది, అందరూ సీఎంఎల్ అంటారు. మా తరం వాళ్లకి బ్లడ్ క్యాన్సర్ అంటే సినిమాలో హీరోయిన్ దగ్గి రుమాలు చూసుకోవడమే. మా ఆవిడ అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది. డాక్టరు గారు ఆవిడ వైపే తిరిగి, "అమ్మా, దీనికి మాత్ర ఉంది. రోజుకొకటి. బీపీ మాత్ర వేసుకున్నట్టు వేసుకుంటూ ఈయన ఉద్యోగం ఈయన చేసుకోవచ్చు" అన్నారు. ఆయన మాట్లాడిన తీరుకే సగం ధైర్యం వచ్చింది.

జబ్బు సంగతి ఆ రోజే బొమ్మ గీసి చెప్పారు. మన కణాల్లో 23 జతల క్రోమోజోములుంటాయి. నాకు ఎముక మూలుగలోని ఒక కణంలో 9వ క్రోమోజోము ముక్క, 22వ దాని ముక్క తెగి, ఒకదాని ముక్క ఇంకోదానికి అతుక్కున్నాయి. 9లో ఏబీఎల్ అనే జన్యువు, 22లో బీసీఆర్ అనే జన్యువు. రెండూ కలిసి బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుట్టింది. అది తయారుచేసే ప్రోటీను, 'కణాలు తయారుచెయ్యి' అనే స్విచ్ లాంటిది. మామూలు మనుషుల్లో ఆ స్విచ్ అవసరానికి పడుతుంది, ఆరుతుంది. నాలో అది ఆన్‌లో ఇరుక్కుపోయింది. మేడమీద ట్యాంకు నిండినా మోటారు ఆగకపోతే ఏమవుతుంది? అదే జరిగింది, నీళ్ల బదులు తెల్లకణాలు. చిట్టిగా మిగిలిపోయిన ఆ 22వ క్రోమోజోమును అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో 1960లో కనిపెట్టారట, అందుకే దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోము అని పేరు. అది 9తో ముక్క మార్చుకోవడం వల్ల ఏర్పడుతోందని 1973లో జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త తేల్చారు. మందు రావడానికి 2001 దాకా పట్టింది. ఆ మందే ఇమాటినిబ్. ఇరుక్కుపోయిన స్విచ్‌లో ఒక గుంట ఉంటుంది, మాత్ర పోయి సరిగ్గా ఆ గుంటలో కూర్చుంటుంది. మోటారు ఆగిపోతుంది.

"మాకు చదువుకుంటున్న ఆడపిల్లలున్నారండీ, వాళ్లకి వస్తుందా?" అని మా ఆవిడ అడిగింది. రాదన్నారు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, మధ్యలో ఒక మూలుగ కణంలో జరిగిన పొరపాటు. నా రక్తకణాల్లో ఉంది తప్ప వంశంలో లేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, జన్యువు అన్న మాట వినగానే చుట్టాల్లో కొందరు సంబంధాల గురించి గొణిగారు. జన్యువుల జబ్బులన్నీ వంశపారంపర్యం కావు.

ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు, రోజూ భోజనం అయ్యాక, పెద్ద గ్లాసుడు నీళ్లతో. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, అంతకుమించి బాధ లేదు. ఖర్చు కూడా మాలాంటివాళ్లు భరించగలిగేంతే. దాని వెనక ఒక కోర్టు కేసు ఉందని తర్వాత తెలిసింది. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మే ఇదే మందుకి మన దేశంలో పేటెంటు కావాలని పోరాడితే, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కుదరదని తీర్పు చెప్పింది. అవతలి పక్షంలో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది. ఆ తీర్పు ఇంకోలా వచ్చి ఉంటే నా జీతంతో ఈ కథ ఇంత పొడుగు సాగేది కాదు.

మూడు నెలలకోసారి పీసీఆర్ పరీక్ష. ఇందులో బీసీఆర్-ఏబీఎల్ ఎంత శాతం మిగిలిందో అంతర్జాతీయ స్కేలు మీద లెక్కగట్టి ఇస్తారు. మూడు నెలలకి 10 శాతం లోపు, ఆరు నెలలకి 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలి. నాకు 7.2, 0.8, 0.09 వచ్చాయి. ఈ మూడంకెలూ దేవుడి పటం వెనక క్యాలెండరు మీద మా ఆవిడ రాసుకుంది. తర్వాత నాలుగేళ్లు ఏ గొడవా లేదు. ఇక్కడే ఒళ్లు మరిచాను.

2021-22 సీజను మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది. పూతలో దూరి చేలకు చేలు నాశనం చేసింది. ఎకరానికి పాతిక క్వింటాళ్లు తీసే రైతులు ఐదారు టిక్కీలు తెచ్చి కొట్టు ముందు కూర్చునేవాళ్లు. రేటు పెరిగి ఏం లాభం, అమ్మడానికి సరుకేదీ? షావుకారు గారు పెట్టుబడికిచ్చిన బాకీలు వసూలు కావడం లేదు, ఆ లెక్కలన్నీ నా నెత్తిమీద. రాత్రి పది దాటాక ఇంటికొచ్చి, తిని తినకుండా పడుకునేవాణ్ని. ఖాళీ కడుపున మాత్ర వేస్తే వికారం. ఆ వంకతో వారంలో రెండు మూడు రోజులు మానేశాను. జూన్‌లో చేయించాల్సిన పీసీఆర్ కూడా, బాగానే ఉన్నాం కదాని వదిలేశాను.

నవంబరులో చేయిస్తే 1.8 వచ్చింది. మళ్లీ నెలకి చేయిస్తే 4.6.

అప్పటికి మా విజయవాడ డాక్టరు గారు రెండు నెలలుగా ఊళ్లో లేరు. గుంటూరులోనే ఇంకొకరికి చూపించాను. ఆయన ఫైలు తిరగేసి, "పాత మందు పనిచేయడం మానేసింది. దీనికన్నా పవర్‌ఫుల్ మందుంది, మారుద్దాం" అని డసాటినిబ్ రాసిచ్చారు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చేశాను. మందుల షాపులో స్టాకు లేదు, రేపు మధ్యాహ్నానికి తెప్పిస్తామన్నారు. ఆ ఒక్క పూట ఆలస్యమే నన్ను కాపాడింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టక పాత డాక్టరు గారి ఫోనుకి రిపోర్టు ఫొటో పెట్టాను. తెల్లారేసరికి ఆయనే ఫోన్ చేశారు. "కొత్త మందు మొదలెట్టకండి. ఇమాటినిబ్ మానకుండా వేసుకోండి. వచ్చే సోమవారం వచ్చేస్తున్నాను, ముందు మ్యుటేషన్ పరీక్ష, అంటే ఆ జన్యువులో కొత్త మార్పేమైనా వచ్చిందేమో చూసే పరీక్ష, చేయిద్దాం."

సోమవారం ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

నేను కాసేపు నేల చూపులు చూశాను. మా ఆవిడ నా వైపు చూసింది. ఆవిడకీ తెలియదు మరి. చెప్పేశాను. ఆయన తిట్టలేదు, రాసుకున్నారు. ఎసిడిటీ మాత్రలు, ఆయుర్వేదం, ఫిట్స్ మందులు, ఇంకేమైనా వాడారా అని అడిగారు. కొన్ని మందులు ఇమాటినిబ్‌ని ఒంట్లో నిలవనివ్వవట. అవేవీ లేవు.

"అంకె పెరగడానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, మందు సరిగా లోపలికి పోకపోవడం. రెండు, మందు పోయినా అక్కడ కూర్చోవడానికి చోటు లేకపోవడం. ఆ గుంటలో ఎక్కడైనా మార్పు వచ్చిందేమో చూడాలి. వచ్చిందంటే, ఏ మార్పన్నదాన్ని బట్టే ఏ మందో తేలుతుంది. పెద్ద మందు, చిన్న మందు అని ఉండదండీ" అన్నారు.

పరీక్షకి మళ్లీ ఎముక గుచ్చుతారేమోనని వణికాను. అక్కర్లేదు, చేతి రక్తం చాలు. ఊదారంగు మూత గొట్టంలో తీస్తారు. తీసింది 2023 జనవరి 13, శుక్రవారం. మర్నాడు భోగి. శాంపిల్ హైదరాబాద్ ల్యాబుకి పోవాలి. కలెక్షన్ సెంటరు వాళ్లు ఆ రోజే బండికి వేస్తామన్నారు, వెయ్యలేదు. పండగ మూడు రోజులూ అది అక్కడే ఫ్రిజ్‌లో కూర్చుంది. ఈ పరీక్షకు కావలసింది ఆర్ఎన్ఏ, జన్యువుకి నకలు లాంటిది, అది చాలా సుకుమారం, త్వరగా చెడిపోతుంది. వారం తర్వాత 'శాంపిల్ పనికిరాదు' అని మెసేజ్ వచ్చింది. సెంటరు కుర్రాణ్ని అడిగితే, "పండగ కదండీ" అన్నాడు. మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో ఏడాది ఉంటాయి, నా నెత్తురు మూడు రోజులు ఉండలేకపోయింది. కోపం వచ్చినా ఎవరి మీద చూపించను? రెండోసారి సోమవారం పొద్దున్నే ఇచ్చి, ఐస్ పెట్టె రాత్రి బస్సు ఎక్కేదాకా నిలబడి చూసి వచ్చాను. ఈ పరీక్షకి వెళ్లేవాళ్లు వారం మొదట్లో రక్తం ఇవ్వండి, సెలవల ముందు ఇవ్వకండి.

రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో మా బావమరిది వచ్చాడు. సత్తెనపల్లిలో వాడికి పురుగుమందుల కొట్టుంది. విషయం విని, "ఇది మాకు రోజూ ఉండే గోలే బావా. ఒకే మందు పదేపదే కొడితే పురుగు దానికి అలవాటు పడిపోద్ది" అన్నాడు. నాకు నచ్చింది, డాక్టరు గారికి అదే చెప్పాను. ఆయన నవ్వి, "పురుగు అలవాటు పడదండీ. లక్ష పురుగుల్లో ఏ రెండిట్లోనో ముందే తేడా ఉంటుంది. మందు కొడితే మిగతావి చస్తాయి, ఆ రెండూ మిగులుతాయి, పిల్లల్ని పెడతాయి. చేనంతా వాటి సంతానమే అవుతుంది. మీ కణాలూ అంతే. వాటిని ఏ మందు చంపుతుందో చూడకుండా ఇంకోటి కొట్టామనుకోండి, డబ్బు పోతుంది, టైము పోతుంది" అన్నారు. నేను మాత్రలు మానేయడం వల్లే ఇది వచ్చిందా అని అడిగాను. "అలాగని చెప్పలేం. మేలు మాత్రం చేయలేదు" అన్నారు. ఆ రెండో వాక్యం ఇప్పటికీ మాత్ర తీసేటప్పుడు వినబడుతుంది.

జనవరి ఆఖర్లో రిపోర్టు వచ్చింది. మూడు పేజీలు. రెండు పేజీలు ఎలా చేశారో చెప్పేవే. అసలు సంగతి ఒక్క లైను: 'ఎఫ్317ఎల్ గుర్తించబడినది.'

అంతకుముందు వెయిటింగ్ హాల్లో తెనాలి కుర్రాడొకడు పరిచయమయ్యాడు, పాతికేళ్లు కూడా లేవు. వాడికి టి315ఐ వచ్చింది, చాలా మందులకి లొంగని మ్యుటేషన్ అది. ఆ మాట వాడు చెప్పినప్పుడు వాళ్ల నాన్న ముఖం చూశాను. అందుకని నా రిపోర్టులో మూడొందల పదిహేను ఉందేమోనని ముందు వెతికాను. 317 చూసి, రెండే కదా తేడా, ఇదీ అదే అయ్యుంటుందనుకున్నాను. లాట్ నంబర్లు రాసేవాడికి రాకూడని ఆలోచన.

డాక్టరు గారు టేబులు గాజు కింద ఒక చార్టు పెట్టుకున్నారు. పైన మందుల పేర్లు, పక్కన మ్యుటేషన్ల పేర్లు, మధ్యలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్లు. పెన్ను మొనతో చూపిస్తూ చెప్పారు. ప్రోటీను అంటే పూసల దండ లాంటిది, ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం. 317వ చోట ఫినైల్‌అలనిన్ అనే పూస ఉండాలి, దాని గుర్తు ఎఫ్. నాలో అక్కడ లూసిన్ వచ్చి కూర్చుంది, దాని గుర్తు ఎల్. అందుకే ఎఫ్317ఎల్. జన్యువులో ఒక్క అక్షరం తప్పు పడితే చాలు, దండలో పూస మారిపోతుంది. ఆ 317వ పూస సరిగ్గా మందు కూర్చునే గుంట అంచులో ఉంది. డసాటినిబ్ ఆ పూసని పట్టుకునే గుంటలో నిలబడుతుంది. పూస మారింది, పట్టు పోయింది.

చార్టులో ఎఫ్317ఎల్ వరసలో డసాటినిబ్ గడి ఎర్రగా ఉంది.

జేబులో ఆ పాత చీటీ అలాగే ఉంది. షాపులో స్టాకు ఉండి ఉంటే నేను ఆ రాత్రే మొదలుపెట్టేవాణ్ని. మూడు నెలలు వాడి, పరీక్ష చేయించి, తగ్గలేదని తెలుసుకునేవాణ్ని. ఈలోగా ఆ 317 కణాలు పెరుగుతూ ఉండేవి. రాసినాయన తెలివితక్కువ వాడని అనను. డసాటినిబ్ మంచి మందు, ఎంతోమందికి అదే పనిచేస్తోంది. నాకు ఆ గడి ఎరుపు, అంతే. ఒక్క పరీక్ష రాసి ఉంటే ఆయనకీ తెలిసేది.

నా వరసలో నిలోటినిబ్ గడి ఆకుపచ్చ. మరి నిలోటినిబ్ అందరికీ పనిచేస్తుందా? వై253హెచ్ వచ్చిన వాళ్లకి, 255వ చోట, 359వ చోట మారిన వాళ్లకి అది ఎరుపు, వాళ్లకి డసాటినిబ్ మంచిది. వి299ఎల్ వచ్చినా డసాటినిబ్ పనికిరాదు. అంటే నాకు పనికిరాని మందు నా పక్క కుర్చీలో కూర్చున్నాయనకి ప్రాణం నిలపొచ్చు. నాకు పడ్డ మందు ఆయనకి దండగ కావచ్చు. ఇద్దరిదీ ఒకటే జబ్బు.

తెనాలి కుర్రాడి 315 వరస మాత్రం ఇమాటినిబ్, డసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ నాలుగింటికీ ఎరుపే. ఆ పూసని గేట్‌కీపర్ అంటారట. మా యార్డు గేటు దగ్గర ఎంట్రీ చీటీ చూసే వాచ్‌మన్ గుర్తొచ్చాడు, వాడు అడ్డం నిలబడితే లారీ లోపలికి పోదు. అక్కడ థ్రియొనిన్ పోయి లావుపాటి ఐసోలూసిన్ వచ్చి కూర్చుంటే మందుకి దారి ఉండదు. దానికోసమే పొనాటినిబ్ తయారుచేశారు, అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. గుండె, కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది కనక కనిపెట్టుకుని ఉండాలి. 2021లో అసిమినిబ్ అని ఇంకోటి వచ్చింది. అది ఆ గుంటకే పోదు, ప్రోటీను వెనకవైపు వేరే సందులో కూర్చుని స్విచ్ ఆపుతుంది. గేటు మూస్తే దొడ్డిదారి. తెనాలి కుర్రాడు పొనాటినిబ్ మీద ఉన్నాడు, మార్పిడికి తమ్ముడి మూలుగ సరిపోతుందేమో కూడా పరీక్ష చేయించారు.

అంకె పెరిగిన ప్రతివాళ్లకీ మ్యుటేషన్ దొరకదు, ఇదీ చెప్పాలి. ఏమీ లేదని రిపోర్టు వచ్చేవాళ్లు బోలెడుమంది. అప్పుడు షుగరు, గుండె, ఊపిరితిత్తులు చూసి మందు ఎంచుతారు. డసాటినిబ్‌తో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరొచ్చు, నిలోటినిబ్‌తో షుగరు, కొలెస్ట్రాల్ పెరగొచ్చు, రక్తనాళాలు పూడొచ్చు. పైగా మామూలు పద్ధతిలో చేసే పరీక్షకి, మారిన కణాలు నూటికి పదిహేను ఇరవై ఉంటేనే కనబడతాయి. అంతకన్నా తక్కువున్నవి పట్టుకోవాలంటే ఎన్‌జీఎస్ అనే కొత్త పద్ధతి కావాలి, దానికి ఖర్చెక్కువ.

నాకే చిక్కొచ్చింది. మూడు నెలల షుగరు 6.1 ఉంది, మా అమ్మకీ షుగరే. నిలోటినిబ్ దాన్ని పెంచొచ్చు. "మ్యుటేషన్ లేకపోతే వేరేది ఆలోచించేవాణ్ని. ఇప్పుడు చార్టు చెప్పింది వినాలి, షుగరు సంగతి మనం చూసుకోవాలి" అన్నారు డాక్టరు గారు. ముందు ఈసీజీ తీశారు, ఈ మందు గుండె లయని తేడా చేయొచ్చట. పొటాషియం చూశారు. తీపి మానేశాను. పంపర పనసలు కూడా తినొద్దన్నారు, ఆ జాతి పండు మందుని ఒంట్లో ఎక్కువ నిలబెట్టేస్తుందట. నాకు పెద్ద నష్టమేం లేదు, బాధపడింది మా ఆవిడే, పెరట్లో చెట్టుంది.

అసలు కష్టం టైము. 200 మిల్లీగ్రాముల గొట్టం మాత్రలు పొద్దున రెండు, రాత్రి రెండు. వేసుకోవడానికి రెండు గంటల ముందు నుంచి, వేసుకున్నాక గంట దాకా ఏమీ తినకూడదు. కడుపులో తిండి ఉంటే మందు అవసరానికి మించి ఒంటికి పడుతుంది, అది గుండెకి మంచిది కాదు. ఇమాటినిబ్ తిన్నాక వేసుకునే మందు, ఇది తినకుండా వేసుకునే మందు. ఐదున్నరేళ్ల అలవాటు తిరగబడింది. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది అని పెట్టుకున్నాం. ఆరింటి లోపు కాఫీ, మళ్లీ తొమ్మిదింటికి టిఫిను. యార్డులో ఏడున్నరకి టీ కుర్రాడు వస్తాడు. మొదట్లో అలవాటుగా గ్లాసు పెట్టేసేవాడు, నేను అలవాటుగా ఎత్తేవాణ్ని. రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగింది. తర్వాత వాడికే చెప్పాను, నా గ్లాసు తొమ్మిదింటికి తెమ్మని. ఎందుకో వాడు అడగలేదు. హమాలీలు మాత్రం నేను ఏదో దీక్షలో ఉన్నాననుకున్నారు, ఒకాయన ఏ స్వామి అని కూడా అడిగాడు.

మూడు నెలలకి పీసీఆర్. ఫోనులో పీడీఎఫ్ వచ్చింది, తక్‌పట్టీలు రాస్తున్నాను, తెరవలేదు. పన్నెండుమంది రైతుల లెక్కలు పూర్తి చేసి, కొట్టు వెనక టిక్కీల సందులోకి పోయి తెరిచాను. 0.8. కాటా వేసే అతను వచ్చి, ఏంటి సార్ మిరప ఘాటుకి కళ్లమ్మట నీళ్లా, అన్నాడు. అవునన్నాను. ఆగస్టులో 0.2. 2024 ఫిబ్రవరిలో 0.07. షుగరు 6.4 అయింది, దానికి ఒక మాత్ర చేరింది. ఒప్పుకున్నాను.

వెయిటింగ్ హాలు గురించి ఇంకో మాట. అక్కడికి రోజూ ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు గారు వచ్చేవారు, బ్రాడీపేట ఆయన. ఆయనది సీఎల్ఎల్. అదీ క్రానిక్ లుకేమియానే, వేరే రకం కణాలది. రెండేళ్లు మందే ఇవ్వకుండా ఊరికే గమనించారట, ఆ జబ్బులో అలా చాలామందిని గమనిస్తూ ఉంటారని అప్పుడే తెలిసింది. మందు మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం, ముందు 17వ క్రోమోజోము పొట్టి కొమ్మ తెగిందా, టీపీ53 జన్యువు చెడిందా అని చూశారు. ఆయనకి తెగింది. అలాంటివాళ్లకి పాతకాలపు కీమో సరిగా పనిచేయదు, అందుకని దాని జోలికి పోకుండా నేరుగా ఇబ్రుటినిబ్ మాత్రలు పెట్టారు. "నా వయసులో కీమో తప్పిందంటే జన్యువు చెడ్డదైనందుకే, చూశావా విచిత్రం!" అనేవారు. నాకు అంకె పెరిగాక చేసినలాంటి పరీక్ష ఆయనకి మొదటి మందుకి ముందే చేశారు. మా జబ్బులు వేరు, పద్ధతి వేరు, కానీ ఇద్దరి ఫైళ్లలోనూ మందు చీటీ మీద ఒక జన్యువు కాగితం పిన్ను చేసి ఉంది.

పోయిన నెల నరసరావుపేట నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మా షావుకారు గారికి తెలిసిన రైతు, సీఎంఎల్, ఇమాటినిబ్ వాడుతున్నాడు, అంకె 3 దాటింది. "మీకు తగ్గిన మందు పేరు చెప్పండన్నా, అదే తెచ్చుకుంటాను" అన్నాడు. పేరు చెప్పలేదు. మ్యుటేషన్ పరీక్ష చేశారా అని అడిగాను. అదేంటన్నాడు. మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అంటే కాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. మా డాక్టరు గారి ఓపీ రోజులు చెప్పాను, ఫైలంతా తీసుకెళ్లమన్నాను, రక్తం శనివారం ఇవ్వొద్దన్నాను.

మంగళవారం ఇచ్చాడట. ఇంకా రిపోర్టు రాలేదు.